బాయి, గని, ఖని: సింగరేణి చరిత్రరచనను గూర్చి

సింగరేణి బొగ్గుగనుల చరిత్రను గూర్చి తెలుగున వెలువడిన వ్యాసములు, ప్రత్యేక సంచికలు, పత్రికారచనలు తక్కువ గావు. వానిని వరుసగ చదివినచో అన్నియు నొకే మూసలో పోసినవని తెలియును. 1871లో భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన డాక్టరు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను; 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ ఇంగ్లండులో ఏర్పడి త్రవ్వకపు హక్కును పొందెను; 1889లో పని మొదలయ్యెను; 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ నమోదయ్యెను; 1945లో నిజాము ప్రభుత్వము వాటాలలో అధికభాగమును కొనెను; 1956లో అవి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును, 2014లో తెలంగాణ ప్రభుత్వమునకును సంక్రమించెను. ఆపైన ఉత్పత్తి లెక్కలు. ఇంతటితో చరిత్ర ముగియును.

ఈ తేదీలలో దోషము లేదు. మా ఆక్షేపణ తేదీలపై గాదు, వాక్యములపై. ప్రతి వాక్యమునకును కర్త కంపెనీయో, ప్రభుత్వమో, దొరయో. కార్మికుడు వచ్చుచోట క్రియ కర్మణిప్రయోగమునకు మారును: ‘బొగ్గు త్రవ్వబడెను’, ‘గనులు తెరువబడెను’. తెలుగునుడికి ఈ ‘బడు’ ధాతువు సహజము కాదని మన వైయాకరణులు ఎన్నడో చెప్పియున్నారు. ఇచ్చట అది శైలీదోషము మాత్రమే గాదు. ఎవరు త్రవ్విరి అను ప్రశ్న పుట్టకుండ అది అడ్డుపడుచున్నది. వాటాలు చేతులు మారిన కథ సవిస్తరముగ లభించుచున్నది. బొగ్గు సరిగా బయటికి రాకమునుపే, 1888లో, ఆ కంపెనీ వాటాల వ్యవహారముపై బ్రిటిషు పార్లమెంటు కామన్సుసభ నియమించిన సంఘము విచారణ జరిపెను. తట్టలు మోసినవారిని గూర్చి అట్టి విచారణపత్రము లేదు. కాని వారి మాటలు కలవు. ఆ మాటలు పత్రములతో సమానమైన ఆధారములని, వానిని చదువుటకు తెలుగుశాఖలవారే తగినవారని నిరూపించుట మా ఉద్దేశము.

పైన చెప్పిన మూసలో తెలుగువారు కనిపించు చోటు ఒక్కటి కలదు. భద్రాచల యాత్రకు పోవు భక్తులు త్రోవలో సింగరేణి గ్రామసమీపమున విడిసి, నల్లరాళ్లను పొయ్యిగా పేర్చి వంటకు నిప్పు రాజేయగా, కట్టెలతోబాటు రాళ్లును మండెనట. ఈ కథను దాదాపు ప్రతి రచయితయు మొదటి పేరాలో చెప్పును. ఇట్టి కథలు బొగ్గు దొరకిన ఇతరదేశములందును వినవచ్చును. అమెరికాలోని పెన్సిల్వేనియా సీమలో ఒక వేటగాని నెగడు వలన నేల మండినదని చెప్పుకొందురు. కనుక దీనిని చరిత్రగా కంటె ఐతిహ్యముగా గ్రహించుట మేలు. విమర్శకునకు ముఖ్యమైనది కథ యొక్క సత్యాసత్యములు గావు, చరిత్రలో దానికి కల్పించిన స్థానము. ఆ యాత్రికులకు పేరు లేదు, ఊరు లేదు, పలికిన మాట ఒక్కటియు లేదు. వారు నిప్పు చేసిరి, విస్తుపోయిరి, రాముని చూచుటకు సాగిపోయిరి. తరువాతి వాక్యములో కింగు ప్రవేశించును. ఆపైన కొన్ని దశాబ్దముల కథలో మరల తెలుగువాడు కానరాడు.

కింగు పేరు మాత్రము నేలలో నిలిచినది. ఇల్లెందు, కొత్తగూడెము గనులలోని ముఖ్యమైన బొగ్గుపొరకు ఆయన పేరనే ‘కింగు సీము’ అను వ్యవహారము. దానికి జతగా ‘క్వీను సీము’ ఒకటి కలదు. ఇంటిపేరుగా వచ్చిన ‘కింగు’ రాజై కూర్చుండగా, అతనికి రాణిని కూడ చేకూర్చిరని మాకు తోచుచున్నది. పొరలకు పేర్లు పెట్టినవారి కీ చమత్కారము తెలిసియే యుండును. లోపల పని చేసినవారు మాత్రము ఆ రెంటిని దాదాపు తెలుగు మాటలుగనే పలికిరి.

ఊళ్ల పేర్లును ఇట్లే పరిశీలింపదగినవి. మొదట బొగ్గు త్రవ్వినది ఇల్లెందులో. కంపెనీ పేరు మాత్రము కొంత దూరముననున్న సింగరేణి గ్రామముది. ఆ గ్రామము నేడును కారేపల్లి ప్రాంతమున చిన్న ఊరుగనే యున్నది. దాని పేరు మాత్రము గోదావరి వెంట ఆసిఫాబాదు సీమ దాక ప్రాకినది. మందమర్రిలో పుట్టి అచ్చటనే పని చేయు వానిని అడిగినను ‘సింగరేణిలో ఉద్యోగము’ అనును. గ్రామనామము సంస్థానామమై, సంస్థానామము జీవికకు పర్యాయపదమైనది. గ్రామనామ పరిశోధకులకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు. ఇక ఇల్లెందును చుట్టుప్రక్కలవారు ‘బొగ్గుట్ట’ అందురు. కంపెనీ పెట్టని పేరు ఇది. ఇందులో కర్త లేడు, కాని చూచినవాని కన్ను కలదు. కొత్తగూడెము పేరు మరింత ఆలోచింపదగినది. ‘గూడెము’ కోయలు మున్నగు వారి పల్లెలకు చెల్లు మాట. 1937లో గనులు తెరచిన పిదప పెద్ద పట్టణమై, కంపెనీ ప్రధాన కార్యాలయమునకు నెలవై, 2016లో జిల్లాకేంద్రమైన ఆ స్థలము తన పేరులో ఇంకను పల్లెగనే యున్నది. ఆ సీమ కోయలదని చెప్పు సాక్ష్యము ఈ ప్రత్యయములో తప్ప కంపెనీ చరిత్రలలో మాకు అరుదుగా కనిపించినది. రైలుశాఖవారు ఆ స్టేషనునకు ‘భద్రాచలం రోడ్’ అని పేరిడిరి. భద్రాచలము గోదావరి కావల, నలుబది కిలోమీటర్ల దూరమున నున్నది. రైలు వచ్చినది బొగ్గు కొరకు, పేరు వచ్చినది రాముని కొరకు.

గనుల పేర్లలో పాలకుల భాషాభిరుచులు పొరలు పొరలుగ కనిపించును. 1927 ప్రాంతమున పని మొదలైన బెల్లంపల్లిలో ‘మోర్గన్స్ పిట్’ వంటి పేర్లు ఇంగ్లీషువారి నాటివి. అంకెలతోడి ‘ఇంక్లైను’ పేర్లును ఆ మరపునకు చెందినవే. ప్రభుత్వము వచ్చిన పిదప ‘శాంతిఖని’, ‘గౌతమ్‌ఖని’, ‘పద్మావతిఖని’, ‘వెంకటేశ్‌ఖని’ మొదలైన సంస్కృతనామములు వచ్చెను. గోదావరిఖని అను పేరు పట్టణమంతటికి ఎక్కినది. తెలుగున ‘గని’ అను తద్భవము ఉండగా ‘ఖని’ అను తత్సమమును ఏల కోరిరి? కావ్యభాషలో ‘ఖని’ రత్నములకు, గుణములకు ఆకరము. ‘దయాఖని’, ‘విద్యాఖని’ అనిన వినసొంపుగ నుండును. ఆ సంప్రదాయమున ‘శాంతిఖని’ యనగా శాంతగుణమునకు నిలయమైనవాడని అర్థము. మందుగుండు ప్రేలునట్టి సొరంగమునకు ఇంతకంటె శ్లేషగర్భమైన పేరు దొరకదు. వ్యవహారములో ఈ నామముల గతి ఏమైనది? పద్మావతిఖని ‘పీవీకే’ అయినది. గోదావరిఖని గనులు ‘జీడీకే’ అయినవి. సంస్కృతనామము ఇంగ్లీషు అక్షరములలోనికి కుదించుకొనిపోయి తెలుగువాని నోట పలుకుచున్నది. పేరు పెట్టినవాని ఉద్దేశమునకును, పిలుచువాని అవసరమునకును గల దూరమును ఇది చక్కగ చూపును.

ఆ కార్మికుడు తనంతట తాను పలికిన మాట పిట్టు గాదు, గని గాదు, ఖని గాదు. అది ‘బాయి’. నిఘంటువునకు ఇది ‘బావి’ యొక్క మాండలిక రూపము. అంతతో నిఘంటుకారుని పని తీరును. మన పని అచ్చటనే మొదలగును. తెలంగాణ రైతునకు బాయి యనగా నీరు తోడు గోయి మాత్రమే గాదు. ‘బాయికాడికి పోయినాడు’ అనిన పొలమునకు పోయినాడని అర్థము. మోట, పశువులకొట్టము, చెట్టునీడ, మధ్యాహ్నపు సద్ది అన్నియు ఆ ఒక్క మాటలో ఇమిడియున్నవి. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమల పల్లెల నుండి వచ్చినవాడు భూమిలోనికి త్రవ్విన గోతిని చూచి, తనకు తెలిసిన పేరునే దానికి పెట్టినాడు. ‘బాయికి పోవుట’, ‘బాయి దిగుట’, ‘బాయిపని’ అను పలుకుబడులు రెండు బ్రతుకులలోను ఒక్కటియే. ఉద్యోగమునకు పోవుచున్నను పొలమునకే పోవుచున్నట్లు చెప్పుకొన్న మనిషి ఈ మాటలో దాగియున్నాడు. పరిశ్రమ మనిషిని పల్లె నుండి వేరు చేసినదని శాస్త్రజ్ఞులు సులభముగ వ్రాయుదురు. ఈ ఒక్క మాట ఆ సిద్ధాంతమును కొంత సవరింపుమని కోరుచున్నది.

ఇంకను లోతునకు పోయినచో, ఈ రెండు బావులకును నీటి విషయమున విరోధము కలదు. రైతు ఊట కొరకు దేవుని మ్రొక్కును. బొగ్గుబాయిలో ఊటయే శత్రువు. దానిని తోడిపోయుటకు రాత్రింబవళ్లు పంపులు నడువవలెను. 2003 జూన్ 16వ తేదీన గోదావరిఖని ప్రాంతపు 7 ఎల్‌ఈపీ గనిలోనికి నీరు విరుచుకొనిపడి 17మంది కార్మికులు మరణించిరి. ఆ వార్తలో ‘బాయిలో నీళ్లు వచ్చినవి’ అను వాక్యమును ఊహించుకొన్నచో, రైతునకు శుభవార్తయగు వాక్యము కార్మికుని ఇంట ఏమగునో తెలియును. ఒక మాట యొక్క అర్థము విపరీతమగుటను అర్థపరిణామమని మనము తరగతిలో చెప్పుదుము. దానికి ఇచ్చు ఉదాహరణములు పాతబడినవి. ఇదిగో, క్రొత్తది.

అదే సంవత్సరము అక్టోబరు 16న జీడీకే 8ఏ గనిలో కప్పు కూలి 10మంది చనిపోయిరి. పత్రికలు ‘గని పైకప్పు కూలినది’ అని వ్రాయును. పైకప్పనగా మనకు ఇల్లు తోచును. మనిషి కట్టినది, మరమ్మతునకు లొంగునది తోచును. పనివాడు ‘బండ పడ్డది’ అనును. ఆ మాటలో ఇల్లు లేదు, కొండ కలదు. ఈ రెండు వాక్యములలో ఏది నిక్కమునకు దగ్గరో పాఠకులే చెప్పగలరు.

‘దొర’ అను మాటను గూర్చి కొంత చెప్పవలసియున్నది. పల్లెలో గడిలో నుండువాడు దొర. బాయిమీద బంగళాలో నుండువాడును దొర. వెట్టికి తాళలేక పల్లె విడిచి గనులకు చేరినవారు ఎందరో కలరు. వారి కిచ్చట కూలి రొక్కముగ దొరకినది. అది చిన్న మార్పు గాదు. కాని అధికారిని పిలుచుటకు వారికి వేరుమాట దొరకలేదు. ముందు నుయ్యి వెనుక గొయ్యి అను సామెతను ఇంత అక్షరార్థమున అనుభవించినవారు మరియొకరు లేరనవచ్చును. ఇంగ్లీషు మేనేజరు పోయి తెలుగు మేనేజరు వచ్చిన పిదప కూడ ఆ పిలుపు వెంటనే పోలేదు. పాలనమార్పులకు తేదీలు గలవు. సంబోధనల మార్పునకు తేదీలు వ్రాసినవారు లేరు.

‘తట్టాచెమ్మస్’ అనునది బొగ్గు నింపువాని పనిముట్ల జంట పేరు: తట్టయు, పారయు. తట్ట మనది, రెండవది గనులతో వచ్చిన మాట. ద్వంద్వసమాసములో దేశ్యము, అన్యదేశ్యము ప్రక్కప్రక్కన కూర్చుండుట వింత గాదు. ఇచ్చటి విశేషమేమన, ఆ సమాసము పనిముట్లనే గాక పనిని, ఆ పనివాని స్థాయిని కూడ చెప్పును. ‘తట్టాచెమ్మస్ పట్టినాడు’ అనిన అన్నిటికంటె క్రింది మెట్టున, శరీరబలమునే పెట్టుబడిగా పెట్టి మొదలిడినాడని భావము. అతని కూలి టబ్బుల లెక్కన. ‘బదిలీ’ మరియొక మాట. ఉపాధ్యాయులకు, గుమాస్తాలకు బదిలీ యనగా ఒక ఊరి నుండి మరియొక ఊరికి పోవుట. బాయిమీద ‘బదిలీ ఫిల్లరు’ అనగా రానివానికి బదులు పనిలోనికి దిగువాడు. ఒకడు పనికి రాకపోయిననే అతనికి పని. తోటివాని గైరుహాజరుపై తన అన్నము ఆధారపడిన స్థితిని ఈ మాట ఏ విశేషణమును లేకయే చెప్పుచున్నది.

మా దృష్టిలో ఈ పదసముదాయమున అన్నిటికంటె విలువైనది ‘ప్లేడే’. ఇంగ్లండు బొగ్గుసీమలలో గని నడువక పనివారు ఖాళీగ నుండు దినమునకు ఆ పేరు. ఇంగ్లీషు అధికారులతో అది మన సీమకు వచ్చి వారపు సెలవుదినమునకు పేరైనది. సెలవునాడు పని చేసినచో రెట్టింపు కూలి. క్రమముగ ‘ప్లేడే దొరకినది’ అనిన సెలవు దొరకినదని కాక, సెలవునాడు పని దొరకినదని అర్థమైనది. విశ్రాంతికి పెట్టిన పేరు విశ్రాంతిని వదలుకొనుటకు పేరైనది. అదియును ఆశపడదగిన లాభముగ. అప్పులు, పిల్లల చదువులు, ఊరిలోని పొలమునకు పంపవలసిన పైకము ఈ అర్థమార్పునకు కారణములు. ఆ కాలపు కూలిరేట్ల పట్టికలు చదివినను ఇంత స్పష్టముగ ఈ సంగతి బోధపడదు.

ఇట్టి మాటలను సేకరించుటకు మనకు పూర్వము మార్గదర్శకులు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశములలో, ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంతరించిన వ్యవసాయపదముల సంపుటము 1962లోను, చేనేతపదముల సంపుటము 1971లోను వెలువడెను. వాని గొప్పతనమును కాదనువారు లేరు. ఐనను ఆ పద్ధతి తరతరములుగ తండ్రి నుండి కొడుకునకు వచ్చిన వృత్తులకు చక్కగ సరిపడినది. బొగ్గుపని అట్టిది గాదు. అది ఒక తరములోనే, వేరువేరు కులములవారు, వేరువేరు సీమలవారు, ఉత్తరాదివారు సహితము కలిసి నేర్చిన పని. దానికి మాటలు వారసత్వముగ రాలేదు. కొన్ని పొలము నుండి, కొన్ని నిజాము కచేరీల ఉరుదూ నుండి, కొన్ని ఇంగ్లీషు నుండి ఏరితెచ్చుకొన్నవి. కనుక ఇచ్చట మాటకు ఎదురుగ అర్థము వ్రాసిన చాలదు. ఏ మాట ఎవరి నుండి వచ్చినది, వచ్చి ఏ అర్థమును విడిచినది, ఏ అర్థమును పట్టినది అని విచారింపవలెను.

కథకులు ఈ పనిలో చరిత్రకారులకంటె ముందున్నారు. అల్లం రాజయ్య, సింగరేణిలో పనిచేసిన తుమ్మేటి రఘోత్తమరెడ్డి మొదలగువారి రచనల వలన బాయిమీది పలుకుబడి వ్రాతభాషలోనికి వచ్చినది. అర్థసూచికలు లేకయే చదువరి ఆ మాటలను గ్రహించునట్లు వారు వాడిరి. ఇది సామాన్యమైన శక్తి గాదు. ఐనను మా కొక కోరిక కలదు. ఈ సాహిత్యమున సమ్మె, నిర్బంధము, సంఘర్షణ విరివిగ వచ్చినంతగ మామూలు పనిదినము రాలేదు. దీపపుగదిలో బిళ్ల ఇచ్చి దీపము తీసికొనుట మొదలు పైకి వచ్చి ఒడలు కడుగుకొనుట వరకు గల ఎనిమిది గంటలు కూడ కథావస్తువే. సమ్మె కలిగించు వేడిని ఆ ఎనిమిది గంటలే పోగుచేయును.

‘నల్లబంగారము’ అను బిరుదమును గూర్చి ఒక్కమాట. సింగరేణిని గూర్చిన వ్యాసములలో ఈ రూపకము లేనిది అరుదు. బంగారము దాచుకొను వస్తువు. బొగ్గు కాల్చుటకు తప్ప పనికిరాదు. ఉపమానమునకును ఉపమేయమునకును పొత్తు ధరయందే కలదు. అమ్మువాని కీ రూపకము నప్పును; త్రవ్వినవాని నోట ఇది పుట్టియుండదు. బాయి పేరు అట్లు గాదు. ఆకారమునను, దిగు విధమునను, రోజు గడుచు తీరునను పోలిక కుదిరినది. లాక్షణికులు ఏ రూపకమునకు పెద్దపీట వేయుదురో చెప్పనక్కరలేదు.

ఈ విషయమును నేడే ఎత్తుకొనుటకు కారణము కలదు. 1970 దశకము నుండి పైపొరలను తొలచి బొగ్గు తీయు పద్ధతి రామగుండము ప్రాంతమున మొదలై, నేడు ఉత్పత్తిలో అత్యధికభాగము దానిదే అయినది. 2023-24లో కంపెనీ 7 కోట్ల టన్నుల బొగ్గు తీసినది. 1990 ప్రాంతమున 1 లక్ష 10 వేలను మించియుండిన కార్మికులు, ఒప్పందకూలీలు గాక, నేడు 40 వేల ప్రాంతమునకు తగ్గిరి. తట్టతో నింపు పని గత కొన్ని దశాబ్దములలో యంత్రములకు లొంగిపోయినది. భూగర్భగనులు ఒక్కొక్కటిగ మూతపడుచున్నవి. పైకప్పు లేని గనిలోనికి ఎవ్వరును ‘దిగరు’. దానిని బాయి యనుటయు తగ్గినది. దాని పేరు ‘ఓసీ’. ఆ ఓసీ విస్తరించుచోట ఊళ్లు లేచిపోవును, పొలములు పోవును, పొలములతోబాటు మోటబావులును పోవును. రైతు బాయియు కార్మికుని బాయియు ఒక్క గోతిలో కలిసిపోవుచున్నవి. పదమునకు మూలార్థము, లక్ష్యార్థము రెండును ఒకేసారి ఆధారము కోల్పోవుట భాషాచరిత్రలో తరచుగ జరుగునది గాదు.

పరిశోధకవిద్యార్థులు ఈ సీమకు పోదలచినచో, ప్రశ్నావళి పట్టుకొని మాటలు మాత్రమే వ్రాసికొనిరావలదని మా మనవి. మాట ఏ వాక్యములో వచ్చినదో, చెప్పినవాడు ఏ జిల్లా నుండి ఏ ఏట బాయి ఎక్కినాడో, పల్లెలో వ్యవసాయపు బాయి ఉన్నదో లేదో కూడ అడుగవలెను. భార్యలను అడుగుట మరవరాదు. ఫస్టుషిఫ్టు, నైటుషిఫ్టులను బట్టి ఇంటి గడియారమును నడిపినవారు వారే, అధికారపు జాబితాలలో వారి పేర్లు లేవు. మొదట ఇల్లెందులో తట్ట మోసిన తరములో మిగిలినవారిని కలియవలెను. ఓసీవారి మాటలకు ఇంకను కొంత వ్యవధి కలదు.